ఇక మీ కంప్యూటరు ఆపేయొచ్చు

బాపట్లలో ఇంజనీరింగు చదివే రోజుల్లో (1997-2001) మా ల్యాబులో ఒక ఆచారం ఉండేది. షట్‌డౌన్ కొట్టాక నల్లటి తెర మీద నారింజ రంగు అక్షరాలతో "ఇక మీ కంప్యూటరు ఆపేయొచ్చు" అని ఇంగ్లీషులో వచ్చేది. అది వచ్చేదాకా స్విచ్ మీద చెయ్యి వేస్తే ల్యాబ్ అసిస్టెంటు గయ్యిమనేవాడు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

సెలవులకి రేపల్లె వెళ్ళినప్పుడు నాన్నకి కూడా ఇదే నేర్పాను. ఆయన తెలుగు మాస్టారు. "అంటే తెర అనుమతి ఇస్తే గానీ దీపం ఆర్పకూడదు, అంతేగా" అన్నారు. అంతే నాన్నా అన్నాను.

అసలు అది రావడానికి కారణం ఉంది. పాత ఏటీ తరహా పెట్టెల్లో ముందున్న స్విచ్ నేరుగా కరెంటునే తెంచేది. విండోస్ 95 తన పని ముగించుకోగలదు గానీ స్విచ్ నొక్కలేదు కదా! అందుకే మనల్ని నొక్కమని అడిగేది. అదే 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చింది. అందులో ముందున్న బటన్ కరెంటుని తెంచదు, మదర్‌బోర్డుకి కబురు మాత్రం పంపుతుంది. పవర్ సప్లైని ఆపేది బోర్డు. (అందుకే ఆపిన పెట్టెలో కూడా 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఉంటుంది. మూత తీసే ముందు గోడ దగ్గర ప్లగ్గు పీకండి.)

మరి బోర్డుకి "ఆపు" అని చెప్పేదెవరు? ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి 1992లో తెచ్చిన ఏపీఎంలో పెత్తనం బయోస్‌ది. తోషిబాని కూడా కలుపుకుని 1996 డిసెంబరులో తెచ్చిన ఏసీపీఐలో పెత్తనం ఆపరేటింగ్ సిస్టంది. విండోస్ 98 నుంచి మెల్లగా ఇది అలవాటైంది. కానీ పెత్తనం చేతులు మారేటప్పుడు గొడవలు మామూలే. షట్‌డౌన్ కొడితే రీస్టార్ట్ అవడం, సగంలో బిగుసుకుపోవడం మనం పడ్డవే. విండోస్ 98 రెండో ఎడిషనుకి మైక్రోసాఫ్టు ప్రత్యేకంగా ఒక షట్‌డౌన్ సప్లిమెంటే విడుదల చేయాల్సి వచ్చింది.

ఇక మా ఇంటి కథ. 2003లో నాన్నకి ఒక అసెంబుల్డ్ పెంటియం 4 కొనిచ్చాను. 17 అంగుళాల సీఆర్టీ మానిటరు, విండోస్ ఎక్స్‌పీ. రిటైరయ్యాక ఆయన మా ఊళ్ళ సంగతులు రాయడం మొదలుపెట్టారు. 1977 నవంబరు ఉప్పెన చూసినవాళ్ళని కలిసి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు టైపు చేసేవారు.

2008లో సిస్టం మొరాయిస్తే ఒక షాపు కుర్రాడు వచ్చి, అడక్కుండా సీ డ్రైవు ఫార్మాట్ చేసి ఎక్స్‌పీ మళ్ళీ ఎక్కించి వెళ్ళాడు. మై డాక్యుమెంట్స్ ఉండేది సీలోనే. సగం రాత పోయింది. నాన్న నాకు ఫోన్లో చెప్పిందల్లా "పర్లేదురా, మళ్ళీ రాస్తాను" అని. కానీ ఆ చెప్పినవాళ్ళలో కొందరు అప్పటికే లేరు.

2010 సంక్రాంతికి వెళ్తే కొత్త ఫిర్యాదు. "ఏరా, పొద్దున పూట బొమ్మ పడటం లేదు. నాలుగైదు సార్లు నొక్కితే పడుతోంది." షాపువాడు మానిటరు మార్చమన్నాట్ట.

ఈసారి ముందు చేసిన పని హార్డ్‌డిస్కు విప్పి, ఫైళ్ళన్నీ నా ల్యాప్‌టాపులోకి కాపీ చేయడం. తర్వాతే మిగతావి. మానిటరు కేబులు సీపీయూ వెనక నుంచి పీకితే "నో సిగ్నల్" అని చక్కగా చూపించింది, అంటే మానిటరు బానే ఉంది. పెట్టె ఆన్ చేస్తే ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీపులు. అవార్డ్ బయోస్ భాషలో వీడియో కార్డు గొడవ అని. కార్డు తీసి, బంగారు పూత అంచుని పెన్సిల్ రబ్బరుతో తుడిచి బిగిస్తే బొమ్మ పడింది. హమ్మయ్య అనుకున్నా. రెండో రోజు పొద్దున మళ్ళీ మామూలే.

చలిలో రాక, వేడెక్కాక వస్తోందంటే అనుమానం వేరే చోటికి పోవాలి. ప్రాసెసరు పక్కన టార్చి వేసి చూస్తే నాలుగు కెపాసిటర్లు నెత్తిన పూరీల్లా ఉబ్బి ఉన్నాయి.

ఇది మా ఒక్క ఇంటి రోగం కాదు. 1999 ప్రాంతం నుంచి కొన్నేళ్ళపాటు ప్రపంచమంతా పాకిన "కెపాసిటర్ ప్లేగు". నీటి శాతం ఎక్కువున్న ఎలక్ట్రోలైట్‌లో అల్యూమినియంని కాపాడే రసాయనాలు సరిగ్గా కలపకపోవడంతో, లోపల హైడ్రోజన్ పుట్టి డబ్బా ఉబ్బేది. ఎవరో జపాన్ కంపెనీ ఫార్ములాని సగం సగం కాజేశారని అప్పట్లో వార్తలొచ్చాయి గానీ, అది పూర్తిగా రుజువైన కథ కాదు. నష్టం మాత్రం నిజం. 2005లో డెల్ ఒక్కటే ఇందుకోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది.

బోర్డు సంచీలో పెట్టుకుని రేపల్లె ప్యాసింజరు ఎక్కి తెనాలి వెళ్ళాను. అక్కడ ఒక పాత టీవీ మెకానిక్ "ఇవా! టీవీల్లో రోజూ చూసేవే" అని, అవే విలువలున్న 105 డిగ్రీల రకం వేసి టంకం పెట్టాడు. తీసుకున్నది చిల్లర డబ్బులు. కంప్యూటరు షాపుకి తెలియనిది టీవీ మెకానిక్‌కి తెలుసు!

ఇంటికొచ్చి బిగిస్తే మొదటి నొక్కుకే బొమ్మ. పని ముగించి షట్‌డౌన్ కొట్టాను. ఆగలేదు. తెర మీద అదే వాక్యం, "ఇక మీ కంప్యూటరు ఆపేయొచ్చు".

డివైస్ మేనేజర్ తెరిస్తే కంప్యూటర్ కింద "స్టాండర్డ్ పీసీ" అని ఉంది. అంటే 2008లో ఎక్స్‌పీని ఏసీపీఐ లేకుండా ఎక్కించారు. పవర్ ఆప్షన్స్‌లో ఏపీఎం ట్యాబుకెళ్ళి ఒక్క టిక్కు పెడితే సరిపోవచ్చు. పెట్టబోతుంటే నాన్న ఆపారు.

"అది బాగు చెయ్యకు. అది వస్తేనే నేను రాసింది భద్రంగా ఉందని నమ్మకం."

రెండేళ్ళుగా అది పాడైందని ఆయన అనుకోనేలేదు. నేను నేర్పిన పాఠం మళ్ళీ వచ్చిందనుకున్నారు. టిక్కు పెట్టలేదు.

నాన్న 2018లో పోయారు. ఆ ఫైళ్ళు పాత తెలుగు ఫాంటులో ఉన్నాయి, తెరిస్తే గజిబిజి ఇంగ్లీషు అక్షరాలు. 1991 నుంచే యూనికోడ్‌లో తెలుగు ఉంది, ఎక్స్‌పీలో గౌతమి ఫాంటూ ఉంది. అయినా ఆయన్ని దానికి మార్చాలని నాకు తోచలేదు. ఇప్పుడు ఒక్కో పేజీ కన్వర్టరులో వేసి, తప్పులు దిద్దుతున్నాను. మధ్యలో 2022లో రేపల్లె, బాపట్ల గుంటూరు జిల్లా నుంచి వేరుపడి బాపట్ల జిల్లా అయ్యాయి. తెనాలి గుంటూరులోనే ఉంది. నాన్న రాతలో మాత్రం అన్నీ ఇంకా ఒకే జిల్లా. అది నేను దిద్దడం లేదు.

మీ ఇంట్లో కూడా అమ్మానాన్నల పాత పెట్టె ఒకటి మూలన ఉండే ఉంటుంది. బొమ్మ పడకపోయినా హార్డ్‌డిస్కు బతికే ఉండొచ్చు. ఈ పండక్కి వెళ్ళినప్పుడు, బాగుచేసే ముందు, కాపీ చేయండి.