అరువు కిరీటాలు

కిరీటం పెట్టించుకోవడానికి ఒక రాజు తొమ్మిది నెలలు ప్రయాణం చేశాడు. ఆర్మేనియా కొండల నుంచి రోము దాకా. వెంట మూడు వేల మంది రౌతులు. పక్కనే మరో గుర్రం మీద రాణి. ముసుగుకు బదులు ఆమె తల మీద బంగారు శిరస్త్రాణం. రాజు జరతుష్ట్ర మతంలో పూజారి కూడా. సముద్రాన్ని మైలపరచకూడదని ఓడ ఎక్కకుండా నేలదారినే నడిచాడు. ఆయన పేరు తిరిదాత్. దారి ఖర్చు మొత్తం రోము ఖజానాదే. అది రోజుకు ఎనిమిది లక్షల సెస్టర్సులని రోమన్ చరిత్రకారుడు స్యుటోనియస్ లెక్క కట్టాడు.

నీరో చక్రవర్తిని కలిసే ముందు కత్తి తీసి పక్కన పెట్టమన్నారు. తిరిదాత్ ఒప్పుకోలేదు. కత్తి ఒరలోంచి బయటికి రాకుండా మేకులు దిగ్గొట్టించుకుని వెళ్లాడు. ఆ తర్వాత క్రీ.శ. 66లో, రోము నడిబొడ్డున, జనం చూస్తుండగా మోకరిల్లి కిరీటం పెట్టించుకున్నాడు. లొంగుబాటులోనూ పౌరుషం వదలని ఆ తీరులో ఆర్మేనియా రాజుల చరిత్ర చాలావరకు కనిపిస్తుంది.

ఇంత తంతు ఎందుకంటే, మూడేళ్ల ముందు రాందియా దగ్గర కుదిరిన రాజీ అలాంటిది. ఆర్మేనియా కోసం రోము, ఇరాన్‌ను ఏలే పార్థియా ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. రోమన్ సేనాని కోర్బులో రాజధాని అర్తషాత్‌ను తగలబెట్టాడు. కొన్నాళ్లకే మరో రోమన్ దళం పార్థియన్లకు లొంగిపోయింది. చివరికి, రాజు పార్థియా అర్షక వంశం వాడు కావాలనీ, కిరీటం మాత్రం రోము చక్రవర్తి చేత్తో పెట్టాలనీ ఒప్పందం చేసుకున్నారు. ఆర్మేనియా ప్రజల్ని ఎవరూ అడగలేదు. తిరిగొచ్చిన తిరిదాత్ తన రాజధానిని రోము డబ్బుతో మళ్లీ కట్టించి నీరో పేరు పెట్టాడు. గార్నిలో నేటికీ గ్రీకు పద్ధతి స్తంభాలతో నిలిచిన ఆలయం ఆయన కట్టించిందేనని చాలామంది నమ్మకం. 1679 భూకంపంలో అది కూలింది. ఇప్పుడు చూసేది గత శతాబ్దంలో అవే రాళ్లు ఏరి నిలబెట్టినది.

రెండు సామ్రాజ్యాల మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఉన్న ఈ దేశానికి ఒకసారి మాత్రం అడకత్తెర పట్టు సడలింది. క్రీ.పూ. 95లో తిగ్రాన్ గద్దెనెక్కాడు. అంతకు ముందు ఆయన పార్థియాలో బందీ. డెబ్బై లోయలు వాళ్లకు అప్పగించి బయటపడ్డాడు. తర్వాత పార్థియా బలహీనపడింది, రోము తన అంతర్యుద్ధాల్లో మునిగిపోయింది. ఆ సందు చూసుకుని తిగ్రాన్ ఇచ్చిన లోయలు వెనక్కి లాక్కున్నాడు, సిరియాను గెలిచాడు, రాజాధిరాజు బిరుదు పెట్టుకున్నాడు. ఆయన గుర్రమెక్కి వెళ్తుంటే నలుగురు రాజులు సేవకుల్లా పక్కన పరుగెత్తేవారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. రోమన్ సేనాని లుకుల్లస్ సేనతో వస్తున్నాడని మొదట చెప్పిన వార్తాహరుడి తల తీయించాడనీ రాశాడు. ఆ తర్వాత నిజం చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? క్రీ.పూ. 69లో తన పేరిట కట్టుకున్న తిగ్రానకెర్త్ దగ్గరే ఓడిపోయాడు. మూడేళ్లకు ముసలి తిగ్రాన్ మరో రోమన్ సేనాని పాంపీ శిబిరానికి నడిచి వెళ్లి, కిరీటం తీసి ఆయన కాళ్ల దగ్గర పెట్టబోయాడు. పాంపీ ఆపి దాన్ని మళ్లీ ఆయన తల మీదే పెట్టాడు. అందుకు వెల ఆరు వేల టాలెంట్ల వెండి.

తిగ్రాన్ కొడుకు అర్తవజ్ద్ గ్రీకులో విషాద నాటకాలు రాసేవాడు. ఒక్కటీ మిగల్లేదు. ఆయన ముగింపు మాత్రం ఏ నాటకానికీ తీసిపోదు. రోమన్ సేనాని ఆంటోనీ ఆయన్ని సంకెళ్లతో అలెగ్జాండ్రియా పట్టుకెళ్లాడు, అక్కడ ఈజిప్టు రాణి క్లియోపాత్రా ఆయన తల తీయించింది.

క్రైస్తవాన్ని రాజ్య మతంగా చేసుకున్న తొలి దేశం తమదేనని ఆర్మేనియన్లు గర్వంగా చెప్పుకుంటారు. సంప్రదాయం చెప్పే ఏడాది 301, రాజు మరో తిరిదాత్. గ్రెగొరీ అనే సాధువును ఆయన ఖోర్ విరాప్ గోతిలో పడేయించి, చివరికి ఆయన చేతే బాప్తిస్మం పొందాడని గాథ. కానీ రాజుల చరిత్రలో నాకు ఇంతకన్నా ముఖ్యంగా తోచే ఏడాది 428. అప్పటికి దేశం రోము, పర్షియాల మధ్య రెండు ముక్కలై నలభై ఏళ్లు దాటింది. పర్షియా వైపు ముక్కలో అర్తషెస్ అనే కుర్ర రాజు మిగిలాడు. ఆయన నడవడి నచ్చని నఖరార్లు, అంటే తరతరాలుగా భూములేలే ప్రభువులు, పర్షియా షా దగ్గరికెళ్లి ఈ రాజు మాకొద్దని మొరపెట్టుకున్నారు. ఎంత చెడ్డా మనవాడే కదా అని మతగురువు సహాక్ అడ్డుపడ్డాడు. వినలేదు. షా రాజును దింపేశాడు, కానీ వాళ్లాశించినట్టు మరొకర్ని పెట్టలేదు, పర్షియన్ గవర్నర్‌ను పంపాడు. శత్రువు కోట బద్దలు కొట్టక్కర్లేకుండానే, సొంత ప్రభువుల ఫిర్యాదుతో అర్షక వంశం ముగిసింది.

అదృష్టం ఏమిటంటే, దానికి ఇరవై మూడేళ్ల ముందు, 405లో, మెస్రోప్ మష్తోత్స్ అనే పండితుడు 36 అక్షరాల లిపి తయారుచేసి ఉన్నాడు. ఆ పనికి అండ నిలిచిన వాళ్లలో పై సహాక్‌తో పాటు రాజు వ్రంషాపుహ్ ఉన్నాడు. కిరీటం పోయినా రాత నిలిచింది. పాత రాజుల కథలు మనకు ఇంత వివరంగా తెలియడానికి ఆ రాత కూడా ఒక కారణం.

మళ్లీ రాజు రావడానికి నాలుగున్నర శతాబ్దాలు పట్టింది. ఈసారి బగ్రతుని వంశం. 885 ప్రాంతంలో అషోత్‌కు బాగ్దాద్ ఖలీఫా కిరీటం పంపాడు. అది చూసి కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న బైజాంటియమ్ చక్రవర్తి బాసిల్ కూడా ఒకటి పంపాడు. ఒకే తలకు రెండు కిరీటాలు! ఈ ఆట అషోత్ కొడుకు స్మ్బాత్ ప్రాణం తీసింది. 908లో అజర్‌బైజాన్ అమీరు యూసుఫ్, స్మ్బాత్ బంధువు గాగిక్ అర్త్స్రునికి వాస్పురకాన్ రాజుగా కిరీటం పెట్టి చీలిక తెచ్చాడు. ఆరేళ్లకు స్మ్బాత్‌ను చంపించి, శవాన్ని ద్విన్ నగరంలో శిలువకు వేలాడదీశాడు. అదే గాగిక్ వాన్ సరస్సులోని అఖ్తమార్ దీవిలో కట్టించిన చర్చి గోడల మీది శిల్పాలు చూస్తే, కట్టించినవాడి మీద కోపం నిలవదు.

961లో బగ్రతునులు ఆనికి రాజధాని మార్చారు. వర్తక బాటల కూడలిలోని ఆ ఊరు త్వరగా పెరిగింది. ఆని పెద్ద చర్చి 1001లో పూర్తయింది. శిల్పి తిర్దాత్ అంతకు ముందు భూకంపానికి దెబ్బతిన్న హేగియా సోఫియా గుమ్మటాన్ని బాగుచేసి వచ్చినవాడు. అప్పటి రాజు మొదటి గాగిక్ (అర్త్స్రుని కాదు, బగ్రతుని) విగ్రహం 1906 తవ్వకాల్లో దొరికింది. చేతుల్లో చర్చి నమూనా పట్టుకున్న ఆ క్రైస్తవ రాజు తల మీద పెద్ద తలపాగా! తర్వాతి యుద్ధ కాలంలో విగ్రహం మాయమైంది. ఫొటోలు ఉన్నాయి.

గాగిక్ కొడుకు హోవ్హన్నెస్ స్మ్బాత్‌కు పిల్లల్లేరు. భయంతోనో, ప్రశాంతంగా బతకాలనో, తన తర్వాత రాజ్యం బైజాంటియమ్‌కే చెందాలని 1022లో రాసిచ్చేశాడు. ఆయన పోయాక ప్రభువులు కుర్రవాడైన రెండో గాగిక్‌ను నిలబెట్టారు గానీ, చక్రవర్తి మాటలకని పిలిచి కాన్‌స్టాంటినోపుల్‌లోనే ఉంచేశాడు. 1045లో ఆని తలుపులు తెరుచుకున్నాయి. సరిహద్దులో ఒక అడ్డుగోడను బైజాంటియమ్ తన చేత్తోనే కూల్చుకుంది. పంతొమ్మిదేళ్లకు సెల్జుక్ సుల్తాన్ ఆల్ప్ అర్స్లాన్ ఆనిని కొల్లగొట్టాడు.

దక్షిణాన, మధ్యధరా తీరంలో సిలీసియాకు తరలిన ఆర్మేనియన్లు అక్కడ ఇంకో రాజ్యం నిలబెట్టారు. అక్కడ లెవోన్ రాజయిన 1198లో కిరీటం జర్మన్ చక్రవర్తి తరఫున వచ్చింది. మరొకటి బైజాంటియమ్ నుంచి. పాత కథే. కిరీటం ఇచ్చే సామ్రాజ్యాలు మారినా తీసుకునేవాళ్లు మారలేదు. మంగోలులు బలపడితే రాజు హెతుమ్ స్వయంగా కారాకోరమ్ దాకా వెళ్లి మాంగూ ఖాన్‌ను ప్రసన్నం చేసుకున్నాడు. 1375లో మమ్లూక్‌లు రాజధాని సిస్‌ను పట్టుకున్నారు. చివరి రాజు ఐదో లెవోన్ కైరోలో బందీ అయ్యాడు. స్పెయిన్‌లోని కాస్టీల్ రాజు విడిపించి, పోషణకు మాడ్రిడ్ పట్టణం మీద హక్కు ఇచ్చాడు. లెవోన్ ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సంధి చేయించి, తన రాజ్యం కోసం అందర్నీ క్రూసేడ్‌కు కదిలించాలని చూశాడు. 1393లో పారిస్‌లో పోయాడు. ఆయన శిలాప్రతిమ ఇప్పుడు ఫ్రెంచి రాజుల సమాధుల మధ్య సెయింట్ డెనిస్ చర్చిలో ఉంది. బిరుదు మాత్రం సైప్రస్ రాజులకు, వాళ్ల నుంచి సవోయ్ వంశానికి చేరింది. ఆర్మేనియా నేలను ఏలని వాళ్లు తరాల తరబడి తమ బిరుదుల్లో ఆర్మేనియా రాజునని రాసుకున్నారు.

ఈ కథలో ఒక పేజీ మన పక్కనే ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు మద్రాసులో ఆర్మేనియన్ వర్తకులు స్థిరపడ్డారు. అర్మేనియన్ వీధి నేటికీ ఉంది. వారిలో షాహమీర్ షాహమీరియన్ అనే రత్నాల వ్యాపారి మొదట బగ్రతునుల బంధువులమని చెప్పుకునే జార్జియా రాజు ఎరెక్లేకు ఉత్తరాలు రాసి ఆశపెట్టుకున్నాడు. అయితే ఆయన ముద్రణాలయం నుంచి 1773 తేదీతో వెలువడిన ఒక పుస్తకం ఏ చక్రవర్తి కిరీటాన్నీ అడగలేదు. రాబోయే స్వతంత్ర ఆర్మేనియాకు 521 అధికరణల రాజ్యాంగాన్ని అది ప్రతిపాదించింది. దేశాన్ని ఏలాల్సింది చట్టం, ఆ చట్టాన్ని చేయాల్సింది ప్రజలు ఎన్నుకున్న సభ అని అందులో రాసి ఉంది. ఆర్మేనియా తొలి గణతంత్రం ఏర్పడింది 1918 మే 28న.