ఘుగ్రీ: తాండా ఆడవాళ్ళ తలకట్టు కథ

గుంతకల్లు, గుత్తి చుట్టుపక్కల తాండాల్లో పాత వేషంలో ఉన్న సుగాలీ అవ్వల్ని చూసినవాళ్ళకి గుర్తుండిపోయేది ఏమిటి? అద్దాలు కుట్టిన పేటియా, లేదా మోచెయ్యి దాటి పైదాకా తొడుక్కున్న తెల్ల గాజులు. తలని పెద్దగా పట్టించుకోం. నిజానికి కబురంతా అక్కడే ఉంది. నడినెత్తిన పాపిడి తీసి, జుట్టుని చెంపల పక్కకి పాయలుగా అల్లి, ఆ పాయలకి వెండి నగలు వేలాడదీస్తారు. అవే ఘుగ్రీ, టోప్లీ. వెనక జడకి కుచ్చుల చోట్లా. వీటన్నిటి మీదుగా, అంచున అద్దాల పని చేసిన ఓణీ, టుక్రీ.

ఇందులో ఘుగ్రీకి ఒక అర్థం ఉంది. అది పెళ్ళయిన ఆడమనిషి పెట్టుకునే నగ. మొగుడు పోతే తీసెయ్యాలి. మనం కాలివేళ్ళ మీద వెతుక్కునే మెట్టెల్ని వాళ్ళు చెంపల మీద పెట్టుకున్నారన్నమాట. మెట్టెలు కనపడాలంటే దగ్గరికి రావాలి. ఘుగ్రీ దూరం నుంచే కనిపిస్తుంది. బిడారుతో నడిచే జనానికి దూరం నుంచి గుర్తుపట్టడం అవసరమే కదా.

ఈ తలకట్టు ఒకప్పుడు ఇంకా ఎత్తుగా ఉండేది. మధ్య పరగణాల తెగల మీద 1916లో పుస్తకం వేసిన ఆర్.వి. రస్సెల్, అక్కడి బంజారా ఆడవాళ్ళు నడినెత్తిన చిన్న కర్రముక్క నిలబెట్టి, దాని మీదుగా ఓణీ కప్పుకునేవారని రాశాడు. ఇది చదివితే ఎక్కడో చైనాలోని మంచూ ఆడవాళ్ళు గుర్తొస్తారు. వాళ్ళూ అంతే. జుట్టుని ఒక అడ్డపట్టీకి రెండు వైపులా చుట్టేవారు. 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి అది పెరిగి పెరిగి, నల్ల శాటిన్‌తో చేసిన పెద్ద పలక అయి తలమీద కూర్చుంది. రాజమాత సిషీ ఫోటోల్లో మనం చూసేది అదే. 1645లో మంచూ పాలకులు చైనా మగాళ్ళందరూ నుదుటి పైన గొరిగించుకుని వెనక జడ వేసుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు. కాదన్నవాళ్ళ తలలు తీయించారు. ఆడవాళ్ళ జుట్టు జోలికి ఆ ఉత్తర్వు పోలేదు. అయినా మంచూ ఆడమనిషి తలకట్టు ఏలేవాళ్ళ గుర్తే. 1912లో సామ్రాజ్యం పోయింది. ఆ పలక కూడా రోజువారీ బతుకులోంచి జారిపోయింది.

సుగాలీల తలకట్టు వెనక ఏ సామ్రాజ్యమూ లేదు. ఉన్నవి ఎద్దులు, ఉప్పు, ధాన్యం. తీరం నుంచి ఉప్పు మోసుకుని లోపలికి వచ్చేవాళ్ళు, పోతూ పోతూ ధాన్యం తీసుకెళ్ళేవాళ్ళు. మొగలు సైన్యాల నుంచి ఇంగ్లీషు సైన్యాల దాకా దక్కన్‌లో యుద్ధం చేసిన చాలామందికి తిండిగింజలు చేరవేసింది ఈ బిడార్లే. భూమి లేదు, గోడల ఇల్లు లేదు. సంపాదించింది దాచుకోవాలంటే ఒంటి మీదే దాచుకోవాలి. అందుకని వెండి తలకెక్కింది. అది సింగారమే, బీరువా కూడా అదే. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో గడిపే ఈ నేలమీద, కరువొస్తే ముందు కరిగేది ఆ బీరువానే.

తర్వాత రైలొచ్చింది. మద్రాసు నుంచి బయల్దేరిన లైను గుత్తి, గుంతకల్లు, ఆదోని దాటి రాయచూరు చేరి, 1871లో బొంబాయి లైనుతో కలిసింది. వేల ఎద్దులు నెలల తరబడి మోసే సరుకు కొన్ని వ్యాగన్లలో రోజుల్లో పోవడం మొదలైంది. గుంతకల్లుని ఊరు చేసిన రైలే బిడారుని దారి తప్పించింది. చిత్రంగా అదే 1871లో ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం పుట్టింది. 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వచ్చి, సుగాలీలనీ తాకింది. సరుకు మోసినన్నాళ్ళూ వర్తకులు, సరుకు పోగానే అనుమానితులు. ఊరూరా తిరగడమే నేరమయ్యాక, ఆమడ దూరం నుంచే ఎవరో చెప్పేసే తలకట్టు ఎంత బరువై ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ చట్టం 1952లో పోయింది. చూపులు మాత్రం అంత తొందరగా పోలేదు.

అయినా ఘుగ్రీ నిలబడింది. ఎద్దులు పోయాక, బిడారు తాండాగా కుదురుకున్నాక కూడా తరాల పాటు నిలబడింది. మంచూ పలకకి దొరకని ఆయుష్షు దీనికెలా దొరికింది? దాన్ని ఏ దర్బారూ నిలబెట్టలేదు. తల్లి కూతురి జుట్టు అల్లుతూ నిలబెట్టింది. గోర్ బోలీకి సొంత లిపి లేదు. ఎవరి మనిషివి, పెళ్ళయిందా, మొగుడున్నాడా అన్న సంగతులు తలమీదే రాసుకున్నారు.

ఇప్పుడు అది వెళ్ళిపోతోంది. ఈసారి ఎవరూ ఉత్తర్వు వెయ్యలేదు. బెంగళూరులో ఇటుకల తట్ట ఎత్తాల్సిన నెత్తికి వెండి అడ్డం. కాలేజీ బస్సెక్కే అమ్మాయికి నలుగురి చూపులు అడ్డం. తీసేస్తున్నవాళ్ళని తప్పుపట్టే హక్కు మనకి లేదు. మొగుడు పోగానే ఆడదాని తల బోడి చేసే ఆనవాయితీ కూడా ఆ నగతోనే పోతుంటే, అందుకు ఏడవాల్సిన పని అసలే లేదు.

బెంగ ఇంకోచోట ఉంది. సేవాలాల్ మహరాజ్ పుట్టిన చోటుగా బంజారాలు కొలిచే సేవాగఢ్ గుత్తి దగ్గరే. ఫిబ్రవరిలో ఆయన జయంతికి పాత పేటియాలూ ఘుగ్రీలూ పెట్టెల్లోంచి బయటికొస్తాయి. అక్కడ ఆ వేషం తాండా వాళ్ళ సొంతం. స్కూలు వార్షికోత్సవాల్లో 'లంబాడీ డాన్స్' అంటే మాత్రం అద్దెకి తెచ్చిన డ్రెస్సు. పెళ్ళి వయసే లేని పిల్లల చెంపల మీద పెళ్ళయిన గుర్తు ఊగుతుంటే మనం చప్పట్లు కొడతాం. నగ పోతే ఫోటోల్లో మిగులుతుంది. అర్థం పోతే ఫోటోలోనూ మిగలదు. తాండాలో జుట్టు అల్లగలిగిన అవ్వలు ఇంకా ఉన్నారు. ఏ పాయకి ఏది కట్టాలో, ఎందుకు కట్టాలో వాళ్ళనే అడిగి రాసిపెట్టుకోవాల్సింది ఇప్పుడే.