కాలే ప్లాస్టిక్, మాడిన ఎలక్ట్రానిక్ పరికరాల పొగ: ఆరోగ్య ప్రమాదాలు

ప్లాస్టిక్ కాలినప్పుడు, లేదా విద్యుత్ పరికరాల్లోని వైర్లు, సర్క్యూట్ బోర్డులు, బ్యాటరీలు హద్దు మీరి వేడెక్కినప్పుడు వెలువడే వాయువులు, ఆవిర్లు, మసి కణాల మిశ్రమమే ప్లాస్టిక్ పొగ. ఇది ఒకే పదార్థం కాదు. ఏ రకం ప్లాస్టిక్, ఎంత వేడి తగిలింది, గాలి ఎంత ఆడింది అన్నవాటిని బట్టి దాని స్వభావం పూర్తిగా మారిపోతుంది. కమురు వాసన వస్తే కంగారు పడటం, వాసన తగ్గగానే ప్రమాదం తప్పిందనుకోవడం జనానికి అలవాటు. ఈ పొగ విషయంలో మాత్రం ముక్కు చెప్పే సాక్ష్యం సగమే నిజం. అగ్నిప్రమాదాల్లో ఎక్కువమంది ప్రాణాలు తీసే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు. మరోవైపు ముక్కుపుటాలు అదిరిపోయేంత ఘాటు వాసనలు కొన్ని కొద్దిసేపు బాధపెట్టి పోయేవే.

మంట లేకుండానే పొగ

పొగ రావాలంటే మంట ఉండనక్కర్లేదు. వేడికి ప్లాస్టిక్ ముందు మెత్తబడుతుంది, ఆ తర్వాత దాని పొడవాటి అణు గొలుసులు తెగి ముక్కలవుతాయి. ఆ ముక్కలే ఆవిరై గాలిలో కలుస్తాయి. మన ఇళ్లలోని వైర్లకు ఎక్కువగా పీవీసీ తొడుగే ఉంటుంది. మామూలు రకం వైరు 70 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకునేలా తయారవుతుంది. ప్లగ్గు వదులుగా ఉన్నా, సన్నటి వైరు మీద గీజరో ఏసీయో నడిపినా, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు నాలుగు పరికరాలు తగిలించినా ఆ హద్దు దాటుతుంది. వేడి 200 డిగ్రీలు మించాక పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ ఊడిరావడం జోరందుకుంటుంది. పీవీసీ బరువులో సగానికి పైగా, దాదాపు 57 శాతం, క్లోరినే. ఆ వాయువు కంటి తడికో గొంతు తడికో తగలగానే హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారుతుంది. షార్ట్ సర్క్యూట్ అయిన గదిలోకి వెళ్లగానే కళ్లు మండి దగ్గు తెర ముంచుకురావడానికి కారణం ఇదే.

స్విచ్చులు, ప్లగ్గులు, హోల్డర్ల తయారీలో యూరియా ఫార్మాల్డిహైడ్ వంటి గట్టి ప్లాస్టిక్‌లు వాడతారు. ఇవి వేడెక్కితే అమైన్లు వెలువడి చేపల నీచు వాసన వస్తుంది. ఇంట్లో చేపలు వండకుండానే ఆ వాసన వస్తుంటే వంటగది కాదు, స్విచ్ బోర్డు చూసుకోవాలి. సర్క్యూట్ బోర్డులో ఎపాక్సీ రెసిన్, గాజు నూలు, రాగి ఉంటాయి. అది అంటుకోకుండా బ్రోమిన్ కలిసిన మంట నిరోధకాలు చేరుస్తారు. ఇవి నిప్పును ఆలస్యం చేస్తాయి కానీ, తీరా బోర్డు కాలినప్పుడు పొగను మరింత విషమయం చేస్తాయి. రక్షణ కోసం కలిపిన పదార్థమే పొగలో కొత్త ముప్పు కావడం ఈ పరిశ్రమను దశాబ్దాలుగా వెంటాడుతున్న చిక్కు.

అన్నిటికన్నా చెడ్డది అరకొర మంట. పారిశ్రామిక దహన యంత్రాల్లో 850 డిగ్రీలకు పైబడిన వేడిలో డయాక్సిన్లు అనే విష రసాయనాలు విచ్ఛిన్నమవుతాయి. వీధి చివర చెత్తకుప్ప ఆ వేడిని అందుకోదు, రగులుతూ ఉంటుంది. సుమారు 200 నుంచి 450 డిగ్రీల మధ్య, క్లోరిన్ అందుబాటులో ఉండి రాగి ఉత్ప్రేరకంగా పనిచేస్తే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు తయారవుతాయి. రాగి కోసం పీవీసీ వైర్లను తగలబెట్టేవాళ్ల దగ్గర ఈ మూడూ ఒకచోట చేరతాయి.

ఏ ప్లాస్టిక్ ఏమి వదులుతుంది

క్యారీ బ్యాగుల పాలిథిన్ కొవ్వొత్తి కాలిన వాసన వేస్తుంది. అందులో క్లోరిన్ లేదు కనుక పీవీసీ కంటే నయం అనుకుంటారు. అయినా దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, కళ్లను కుట్టే ఆక్రోలిన్ ఉంటాయి. థర్మోకోల్ కాలితే నల్లటి మసి తీగలు గాలిలో తేలతాయి, స్టైరీన్, బెంజీన్ వెలువడతాయి. టీవీ, కంప్యూటర్ డబ్బాల ఏబీఎస్ ప్లాస్టిక్‌లోనూ, పరుపుల పాలీయురెథేన్ ఫోమ్‌లోనూ, నైలాన్‌లోనూ నైట్రోజన్ ఉంది. ఇవి కాలినప్పుడు హైడ్రోజన్ సయనైడ్ పుడుతుంది. నాన్‌స్టిక్ పెనాల మీది పీటీఎఫ్ఈ పూత ఖాళీ పెనం మీద 350 డిగ్రీల దాకా వేడెక్కితే విరిగిపోతుంది. ఆ ఆవిరి పీల్చినవాళ్లకు కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లునొప్పులు వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. వైద్యులు దీన్ని పాలిమర్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. అదే వంటింట్లో పంజరంలో ఉన్న చిలుక మాత్రం నిమిషాల్లో చనిపోవచ్చు, పక్షుల ఊపిరితిత్తులు అంత సున్నితం.

లిథియం అయాన్ బ్యాటరీల తీరు వేరు. లోపల షార్ట్ అయితేనో, దెబ్బ తగిలితేనో, అతిగా ఛార్జ్ అయితేనో సెల్లు తనంతట తానే వేడెక్కుతూ పోతుంది. దీన్నే థర్మల్ రనవే అంటారు. అప్పుడు లేచే తెల్లటి పొగను ఆవిరి అనుకుని దగ్గరకు వెళ్లేవాళ్లున్నారు. అందులో హైడ్రోజన్, ఎలక్ట్రోలైట్ తుంపర్లు ఉంటాయి కాబట్టి అది పేలగలదు. బ్యాటరీలోని ఫ్లోరిన్ లవణం నుంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా వస్తుంది. అది ఊపిరితిత్తులను కాల్చడమే కాక రక్తంలోని కాల్షియంను పడగొట్టి గుండె లయను దెబ్బతీయగలదు.

శరీరంలో జరిగేది

కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, తర్వాత మతి తప్పడం, స్పృహ కోల్పోవడం. నిద్రలో ఉన్నవాళ్లకు ఈ వరుస కూడా తెలియదు. హైడ్రోజన్ సయనైడ్ మరో దారిలో దెబ్బ కొడుతుంది. రక్తం ఆక్సిజన్ తెచ్చి ఇచ్చినా కణం దాన్ని వాడుకోలేదు. రెండూ కలిసిన పొగలో ఒకదాని దెబ్బకు మరొకటి తోడవుతుంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ తక్షణ ప్రాణాపాయానికి పెట్టిన హద్దులు చూస్తే తేడా తెలుస్తుంది. గాలిలో పది లక్షల పాళ్లకు కార్బన్ మోనాక్సైడ్ 1,200 పాళ్లు, హైడ్రోజన్ సయనైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ ఒక్కొక్కటి 50 పాళ్లు.

నీటిలో ఇట్టే కరిగే వాయువులు ముక్కు, గొంతుల దగ్గరే ఆగిపోయి మంట పుట్టిస్తాయి. ఆ మంటే మనిషిని బయటకు తరుముతుంది కనుక ఒక విధంగా మేలే చేస్తుంది. సరిగా కరగని నైట్రోజన్ డయాక్సైడ్, ఫాస్జీన్ వంటివి పెద్దగా బాధ పెట్టకుండానే ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. కొన్ని గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాటికి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. ప్రమాదం నుంచి నడిచి బయటపడ్డ మనిషి రాత్రికి ఆసుపత్రి పాలవడం ఇందువల్లే. కొందరికి ఒక్కసారి గట్టిగా పొగ పీల్చాక ఆస్తమా లాంటి పిల్లికూతలు నెలల తరబడి మిగిలిపోతాయి.

ఇక్కడ మోతాదు సంగతి చెప్పాలి. ఛార్జర్ మాడి గదిలో కాసేపు వాసన నిండితే, కిటికీలు తెరిచి బయటకు వచ్చిన ఆరోగ్యవంతుడికి గొంతు గరగర, తలనొప్పి లాంటివి కొద్ది గంటల్లో సర్దుకుంటాయి. అలాంటి ఒక్క సంఘటనతో క్యాన్సర్ వస్తుందేమోనని నెలల తరబడి బెంగపడాల్సిన పని లేదు. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లల విషయంలో మాత్రం ఈ భరోసా ఇవ్వలేం. పిల్లలు తమ బరువుతో పోల్చితే పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు.

దీర్ఘకాలిక ముప్పు రోజూ పీల్చేవాళ్లది. బెంజీన్, ఫార్మాల్డిహైడ్, మసిలోని బెంజోపైరీన్, డయాక్సిన్లలో అత్యంత విషపూరితమైన టీసీడీడీ, వీటన్నిటినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. డయాక్సిన్ ఒంట్లో చేరితే అందులో సగం పోవడానికే 7 నుంచి 11 ఏళ్లు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పైగా మనిషికి అందే డయాక్సిన్‌లో 90 శాతానికి పైగా పాలు, మాంసం, చేపల వంటి ఆహారం ద్వారానే వస్తుంది. వైర్లు కాల్చిన చోట గడ్డి మేసిన గేదె పాలు తాగేవాళ్లు ఆ పొగను కంటితో చూసి ఉండకపోవచ్చు.

అగ్నిప్రమాదాల సాక్ష్యం

1975 ఫిబ్రవరి 27న న్యూయార్క్ నగరంలోని ఒక టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పీవీసీ కేబుళ్లు అంటుకున్నాయి. వందలమంది అగ్నిమాపక సిబ్బంది గంటల తరబడి ఆ పొగలో పనిచేశారు. ఆ రోజు ఎవరూ చనిపోలేదు. తర్వాతి ఏళ్లలో వారిలో కొందరికి క్యాన్సర్లు వచ్చాయన్న చర్చ దశాబ్దాలు నడిచింది. వారి వైద్య పత్రాలపై ఎర్ర నక్షత్రం ముద్ర వేసి విడిగా గుర్తుపెట్టారు. మన దేశంలో 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో కింది అంతస్తు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మొదలైన మంటల పొగ బాల్కనీని కమ్మేసి 59 మందిని బలి తీసుకుంది.

హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాలు ఇటీవలి ఏళ్లలో ఇదే పాఠాన్ని మళ్లీ మళ్లీ చూశాయి. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక భవనం కింది భాగంలోని ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పొగ మెట్ల దారిని పొగగొట్టంగా చేసుకుని పై అంతస్తుల లాడ్జిలోకి పాకింది. ఎనిమిది మంది చనిపోయారు. ఆరు నెలలకే, 2023 మార్చి 16న, సికింద్రాబాద్‌లోనే స్వప్నలోక్ అనే వాణిజ్య భవనంలో మంటలు లేచి ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక మరణించారు. 2025 మే 18 ఉదయం చార్మినార్ సమీపంలోని గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంట్లో జరిగిన ప్రమాదంలో 17 మంది ప్రాణాలు విడిచారు, వారిలో చాలామంది పిల్లలు. మూడు చోట్లా ప్రాణాలు తీయడంలో పొగదే పెద్ద చెయ్యి. మనం మాత్రం ఇప్పటికీ వార్తల్లో ‘సజీవ దహనం’ అనే రాసుకుంటున్నాం. ఆ మాట వల్ల జనం దృష్టి మంటల మీదే నిలుస్తోంది, మెట్ల దారికి పొగను ఆపే తలుపు లేకపోవడం మీదికి పోవడం లేదు.

పనిలో భాగంగా పీల్చేవాళ్లు

మొబైల్ రిపేరు బల్ల దగ్గర టంకం వేసేటప్పుడు లేచే సన్నటి పొగలో సీసం ఉంటుందని చాలామంది భయం. సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీల చుట్టుపక్కల పనిచేస్తుంది, సీసం మరిగేది 1,700 డిగ్రీలు దాటాకే. కనుక సీసం ఆవిరిగా రావడం చాలా తక్కువ, అది చేతి వేళ్ల మీదుగా తిండిలోకి వెళుతుంది. పొగలో ఉండేది ప్రధానంగా ఫ్లక్స్‌లోని రోజిన్, అంటే పైన్ చెట్టు జిగురు. ఏళ్ల తరబడి పీల్చితే ఇది ఆస్తమా తెప్పిస్తుంది. అబిడ్స్ జగదీష్ మార్కెట్ వంటి చోట్ల ఇరుకు దుకాణాల్లో బోర్డు మీదికి వంగి పనిచేసే కుర్రాళ్ల ముఖానికీ పొగకూ మధ్య జానెడు దూరం ఉండదు. పొగను పక్కకు లాగే చిన్న ఫ్యాను ఉన్నా చాలా మేలు.

కాలిపోయిన మోటార్లకు రీవైండింగ్ చేసే షెడ్లలో పాత చుట్టను ఊడదీయడానికి వేడి చేసి వార్నిష్‌ను మాడ్చేస్తారు. ఓల్టేజీ హెచ్చుతగ్గులకు బోరు మోటార్లు తరచూ కాలిపోయే మన పల్లెల్లో ఈ పనికి కొదవ లేదు. తుక్కు వ్యాపారంలో ప్లాస్టిక్ ముక్కకు నిప్పంటించి వాసనను బట్టి రకం చెప్పే నేర్పరులున్నారు. ఆ నేర్పుకు చెల్లించే మూల్యం వారి ఊపిరితిత్తులదే.

ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలు పోగుపడ్డాయి. అందులో పద్ధతి ప్రకారం సేకరించి శుద్ధి చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమే. గతంలో ఇలాంటి వ్యర్థాల్లో కొంత ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్, చైనాలోని గుయియు, ఘనా రాజధాని అక్రాలోని అగ్‌బోగ్‌బ్లోషి వంటి చోట్లకు చేరి కాలింది. అగ్‌బోగ్‌బ్లోషిలో మేసే కోళ్ల గుడ్లలో డయాక్సిన్లు తీవ్ర స్థాయిలో ఉన్నట్టు 2019లో పరీక్షల్లో తేలింది.

చెత్తమంటలు, భోగిమంటలు

పొయ్యి రాజెయ్యడానికి ప్లాస్టిక్ కవరు వాడటం పల్లెల్లో పాత అలవాటు. కవరు తొందరగా అంటుకుంటుంది, కట్టెలు తడిగా ఉన్నా పని జరుగుతుంది. పొయ్యి మీదికి వంగి ఊదే మనిషి ముఖానికే ఆ మొదటి పొగంతా తగులుతుంది. భోగినాడు పాత కుర్చీలు, టైర్లు మంటలో వేయడం పట్టణాల్లో పెరిగింది. సంక్రాంతి వేకువన నేలకు దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండటంతో పొగ పైకి పోక వీధుల్లోనే పరుచుకుంటుంది. ఈ ఆచారానికి కట్టెలు, పిడకలు ఎప్పుడూ సరిపోయాయి.

బయటపడ్డాక

మొదటి పని బయటకు రావడం. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది కనుక దాన్ని ఆన్ చేసి పొగ పోతుందనుకోకూడదు. తడిగుడ్డ మసిని, ఆమ్ల వాయువులను కొంత ఆపుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపలేదు. ఎన్95 మాస్కు మసి కణాలను ఆపగలదు కానీ వాయువులను ఆపలేదు. ప్రమాదం సద్దుమణిగాక పాలు తాగితే, బెల్లం తింటే పొగ కడిగేసినట్టవుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. అవి వెళ్లేది కడుపులోకి.

గొంతు బొంగురుపోయినా, ఉమ్మిలోనో ముక్కులోనో మసి కనిపించినా, తలతిరుగుడు, ఆయాసం, ఛాతీనొప్పి ఉన్నా 108కి ఫోన్ చేయాలి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్‌నూ అది ఆక్సిజన్‌గానే లెక్కేసి 98 శాతం చూపించవచ్చు. అసలు సంగతి రక్తపరీక్షలోనే తేలుతుంది. మామూలు గాలిలో రక్తంలోని ఈ విషం సగానికి తగ్గాలంటే 4–5 గంటలు పడుతుంది, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. సయనైడ్ విషానికి హైడ్రాక్సోకోబాలమిన్ అనే విరుగుడు ఉంది. గొంతు వాచే సూచనలుంటే డాక్టర్లు ముందే శ్వాసగొట్టం వేస్తారు, వాపు పెరిగాక ఆ దారి దొరకదు.

చట్టం, ప్రత్యామ్నాయాలు

బహిరంగంగా చెత్త కాల్చితే రూ.5,000, పెద్ద ఎత్తున కాల్చితే రూ.25,000 జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్‌లో ఆదేశించింది. తీర్పు స్పష్టంగానే ఉంది, అమలు లోపం మాత్రం ప్రతి వీధి చివరా కనిపిస్తూనే ఉంది. కొన్ని బ్రోమిన్ మంట నిరోధకాలను స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లోనూ, డెకాబీడీఈని 2017లోనూ నిషేధ జాబితాలో చేర్చింది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై కొత్త నియమాలు మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇల్లు కట్టేవాళ్ల చేతిలో ఉన్నది వైర్ల ఎంపిక. తక్కువ పొగ వచ్చే ఎఫ్ఆర్ఎల్ఎస్ రకంలోనూ పీవీసీయే ఉంటుంది, ఆమ్ల వాయువు తగ్గుతుంది గానీ పోదు. హాలోజన్ లేని రకం వైర్లలో ఆ వాయువు దాదాపు ఉండదు, ధర కొంచెం ఎక్కువ.