మార్సేల్సు రేవున మహామారియు వర్తకమును



వర్తకమే జీవనాధారముగా గల నగరమునకు అంటువ్యాధి సోకినపుడు రేవు మూయవలెనా, తెఱచియుంచవలెనా యను ప్రశ్న మిగుల పురాతనమైనది. ఆడ్రియాటిక్ తీరమునందలి రగూజా నగరపాలకులు 1377వ సంవత్సరముననే దీనికొక మధ్యమార్గమును కనిపెట్టిరి. మహామారి గల తావులనుండి వచ్చువారు వెలుపల నొక మాసము నిలిచి, పిమ్మట నగరము ప్రవేశింపవచ్చునని శాసించిరి. వర్తకునకు నెల దినముల నష్టమేగాని వర్తకము నిలిచిపోదు. తరువాత నీ గడువు నలువది దినములయ్యెను. క్వారంటైనను పేరు ఇటలీ దేశస్థుల నలువది యను మాటనుండియే పుట్టినది.

ఫ్రాన్సునందలి మార్సేల్సు రేవునను ఇట్టి కట్టుబాటు ఉండెను. 1720 మే 25వ తేదీని సిరియా తీరమునుండి పట్టు, ప్రత్తి బేళ్లతో గ్రాన్ సేంత్ ఆంత్వాన్ అను ఓడ వచ్చెను. దారిలో ఓడవైద్యునితో కూడ పలువురు మరణించియుండిరి. లివోర్నో రేవువారు దానిని రానీయరైరి. అట్లయినను మార్సేల్సు అధికారులు విలువగల సరకును ఊరికి చేరువనున్న క్వారంటైను గిడ్డంగులందు దింపనిచ్చిరి. జూలై మాసమున బోకేరు సంత రానుండెను. సరకునందు నగరపాలకులలో ప్రథముడగు ఎస్తెల్‌కును భాగముండెను. తొందర యెచ్చటనుండి వచ్చినదో వర్తకము చేయువారికి వేఱుగ చెప్పనక్కరలేదు.

జూలై 31వ తేదీని ఎక్సు నగరపు న్యాయసభ మార్సేల్సుతో రాకపోకలను నిషేధించెను. ధాన్యము వెలుపలినుండి రావలసిన నగరమది! తెగులునకు తప్పినవాడు ఆకలికి చిక్కు గతి పట్టెను. అంతట ఉభయులును ఒడంబడిక చేసికొని ఊరికి దూరముగా సంతలేర్పఱచిరి. రెండు కంచెలు, నడుమ ఖాళీ స్థలము; అమ్మువారొక వైపున, కొనువారొక వైపున నిలిచి దూరమునుండియే బేరమాడిరి. ఈ యుదంతమంతటిలో నాకు మిక్కిలి నచ్చినది ఈ కంచెల సంతయే. ఈ యేర్పాటు వ్యాధికి ముందే ఓడయెడ జరిగియుండిన నెంత బాగుండెడిది!

సుమారు తొంబదివేల జనములో దాదాపు నలువదివేలమంది మడిసిరి. సెప్టెంబరులో ఓడను జార్ ద్వీపముకడ తగులబెట్టిరి. మఱుసటి యేట వ్యాధి వ్యాపింపకుండ ఇరువదియేడు కిలోమీటర్ల రాతిగోడ కట్టిరి. దాని శకలములు నేటికిని నిలిచియున్నవి. ఓడ కప్తాను 1723 వఱకు చెఱలో నుండెను. ఎస్తెల్‌కు మాత్రము రాజు ప్రభుపదవి నొసగెను.