చింతామణి కర్తృత్వము: నమ్మికయుఁ బరీక్షయు

ఆంధ్రశబ్దచింతామణి యను సంస్కృతసూత్రగ్రంథము నన్నయభట్టారకప్రణీతమని మనలోఁ బెక్కుతరములుగా నొక విశ్వాసము కలదు. సంజ్ఞ, సంధి, అజంతము, హలంతము, క్రియ యను నైదు పరిచ్ఛేదములు గలిగి యార్యావృత్తములలో నడచు నీ చిన్నగ్రంథమును మన వైయాకరణులు తెలుఁగు వ్యాకరణమునకు మూలకందముగా నెంచిరి. బాలసరస్వతి దీనికిఁ దెలుఁగు టీక రచించెను. అప్పకవి దీనిని విస్తరింపఁ బూనెను. అహోబలపతి సంస్కృతమున వ్యాఖ్యానించెను. 1858వ సంవత్సరమున వెలసిన చిన్నయసూరి బాలవ్యాకరణము సైతము నీ పరంపరలోనిదే. గ్రంథము విలువను గూర్చి నాకు సందేహము లేదు. ఇది నన్నయరచనమే యనుటకు సాక్ష్యమేమి, ఆ సాక్ష్యమును మనము స్వయముగాఁ జూచితిమా, లేక విని నమ్మితిమా యనునదియే యిందు విచార్యము.

ఈ ప్రశ్న నాకుఁ బుట్టినది కాదు; నా విద్యార్థికిఁ బుట్టినది. ఇరువదియైదేండ్ల క్రిందట నొకనాఁడు సంజ్ఞాపరిచ్ఛేదమును బోధించుచు, తెలుఁగునకుఁ దొలి వ్యాకరణము నన్నయగారి చింతామణి యని చెప్పితిని. అంతకు ముందు వారమే కేతన యాంధ్రభాషాభూషణమును బరిచయము చేసియుంటిని. వెనుకవరుసలో నుండి యొక బాలుఁడు లేచి, "గురువుగారూ, పూర్వులు తెలుఁగునకు లక్షణము చెప్పలేదని కేతన యన్నట్లు మీరే చెప్పితిరి గదా! నన్నయ చెప్పియుండఁగా నాతఁ డట్లేల యనును?" అని యడిగెను. నాకు సమాధానము తోఁపలేదు. "పెద్దలు చెప్పినదానిఁ బ్రశ్నింపరాదు, కూర్చుండుము" అని గద్దించితిని. ఆతఁడు కూర్చుండెను. ఆ యేఁడు ముగియువఱకు మఱి నన్నేమియు నడుగలేదు. నాఁటి రాత్రి యాలోచింపఁగా, నన్నయకర్తృత్వమును గూర్చి నే నెఱిఁగినదంతయు గురుముఖమున వినినదే కాని, దానికి మూలమైన యప్పకవీయావతారికను మొదటినుండి తుదివఱకు నొక్కమాఱైన నేను జదివియుండలేదని తెలిసినది. బాలుని గద్దించినది నా పాండిత్యము కాదు, నా చదువనితనము.

అప్పకవీయము 1656వ సంవత్సరప్రాంతమునఁ బుట్టినది. దాని యవతారికలోని కథ యిది. విష్ణువు కలలోఁ గానవచ్చి యప్పకవికి గ్రంథచరిత్రము నెఱిఁగించెనఁట. నన్నయ యీ సూత్రములను రచించెను. తన రాఘవపాండవీయమును నన్నయ యడఁచెనను పగచే భీమకవి వీనిని గోదావరిలోఁ గలిపెను. అయినను రాజరాజనరేంద్రుని కుమారుఁడగు సారంగధరుఁడు బాల్యముననే వీనిని వల్లించియుండెను. పిమ్మట సిద్ధుఁడైన యాతఁడు మతంగపర్వతము కడ బాలసరస్వతికి వీనిని బ్రసాదించెను. అచ్చటినుండి వచ్చిన యొక బ్రాహ్మణుని వలన గ్రంథ మప్పకవికిఁ జేరెను.

సాక్ష్యపరీక్షలో మొదటి పని సాక్షికిని విషయమునకును గల కాలవ్యవధానమును లెక్కించుట. రాజరాజు 1022లోఁ బట్టాభిషిక్తుఁడై 1061 వఱకు రాజ్యము చేసెను. ఆతని తుదియేఁటికిని 1656నకును నడుమ 595 ఏండ్లు గలవు. తరమునకు ముప్పది యేండ్లు లెక్కించినను నించుమించు నిరువది తరములు. ఇంత దూరమును గలుపువాఁడు సారంగధరుఁ డొక్కఁడే. నన్నయ నోటి మాట విని, యాఱువందలయేండ్లకు బాలసరస్వతికిఁ జెప్పవలయునన్న నాతఁడు సిద్ధుఁడు గాక తప్పదు. ఆ సిద్ధత్వమును నమ్మువానికి నీ పరంపర యవిచ్ఛిన్నము. నమ్మనివానికి నడుమ నొక్క కడియైన లేని గొలుసు.

సారంగధరుఁ డెవఁడు? రాజరాజుని పుత్రుఁడుగాఁ జరిత్రమునకుఁ దెలిసినవాఁడు 1070లోఁ జోళసింహాసన మధిష్ఠించిన కులోత్తుంగుఁడు. చాళుక్యశాసనములలో సారంగధరనామము కానరాదు. 15వ శతాబ్దమున గౌరన ద్విపదగా రచించిన నవనాథచరిత్రములో సారంగధరునికథ గలదు, అందాతఁడు చౌరంగి యను పేర సిద్ధులలోఁ జేరును, కథాస్థానమో మాళవదేశము. అదే కథ 17వ శతాబ్దమునఁ జేమకూర వేంకటకవి కావ్యములో రాజమహేంద్రవరమున జరిగినట్లు కానవచ్చును. అప్పకవియు నా శతాబ్దమువాఁడే. రాజమహేంద్రవరమున సారంగధరమెట్ట నేఁటికిని గలదందురు. కలదు; కాని మెట్ట కథకు సాక్షి గాఁజాలదు. కథ ప్రసిద్ధమైన పిమ్మట మెట్టకుఁ బేరు వచ్చుట లోకమున నెల్లచోట్లఁ గలదే.

ఇఁక రెండవసాక్షి కేతన. ఆతఁడు 13వ శతాబ్దమువాఁడు. తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చినవాఁడు. నన్నయ విడిచిన భారతమును బూరించిన మహాకవి సన్నిధిని మెలఁగిన వ్యక్తికి నన్నయ యొక వ్యాకరణము రచించెనను వార్తయైనఁ దెలిసియుండవలదా? తెలిసియుండెనేని, పూర్వులు సంస్కృతప్రాకృతములకు లక్షణము చెప్పియుఁ దెలుఁగునకుఁ జెప్పకుండుట తన్ను ధన్యునిఁ జేయుటకే యని యాతఁడు చెప్పుకొనఁగలఁడా? సభలో నొక్కఁడైన నవ్వఁడా?

మూఁడవది "విపులశబ్దశాసన" యను విశేషణము. భారతావతారికలో నన్నయకుఁ జెల్లిన యీ పదమును, తరువాతి కవు లాతనికిచ్చిన "వాగనుశాసన" బిరుదమును వ్యాకరణరచనకు నిదర్శనముగాఁ జూపుదురు. ఇది వైయాకరణుని పని గావున నించుక నిలిచి చూతము. శాసనశబ్దమునకు నాజ్ఞాపించుట యనియు, బోధించుట యనియు, లక్షణము చెప్పుట యనియు నర్థములు పొసఁగును. శబ్దము లెవని యాజ్ఞకు లోఁబడి నడచునో వాఁడు శబ్దశాసనుఁడనుట మహాకవియెడఁ జక్కఁగ నన్వయించును. రచనచేతనే భాషకు మర్యాద యేర్పఱచినవాఁడు వాగనుశాసనుఁడు గాఁడా? లక్షణకర్త యను నర్థమునే గ్రహింతమన్నను, ఆ లక్షణగ్రంథము మన చేతిలోనున్న యీ చింతామణియే యని విశేషణము చెప్పదు. బిరుదము కర్త నెఱిఁగించును గాని గ్రంథము నెఱిఁగింపదు.

అథర్వణకారికావళిని సాక్షిగాఁ బిలుచువారును గలరు. ఆ కారికల కాలమును గర్తృత్వమును సైతము వివాదగ్రస్తములే. ఒకని యప్పునకు నప్పులలో మునిఁగిన యింకొకఁడు జామీను నిలువఁజాలఁడు.

ప్రత్యక్షసాక్ష్య మెట్లుండునో తెలియుటకు నందంపూఁడి శాసనమును జూడవలయును. రాజరాజు 1053లో నారాయణభట్టునకు నందంపూఁడి యగ్రహారము నిచ్చిన తామ్రశాసనమది. నన్నియభట్టు దానికిఁ గావ్యకర్త. సంస్కృత కర్ణాట ప్రాకృత పైశాచిక కాంధ్రభాషలలో నారాయణభట్టునకుఁ గల కవితాశక్తి యందుఁ గొనియాడఁబడినది. పేరును, కాలమును, పనియు రాగిఱేకులపై నున్నవి. నమ్ముటకుఁ గల యక్కఱలేదు, సిద్ధుఁ డక్కఱలేదు. నన్నయ మిత్రుని గూర్చి మన కింతటి సాక్ష్యముండఁగా, నన్నయకే యారోపించిన గ్రంథమును గూర్చి స్వప్నసాక్ష్యముతోఁ దృప్తిపడుట యుచితమా?

ఇంతవఱకు జెప్పినవి పెక్కండ్రు విమర్శకులు 20వ శతాబ్దమున వాదోపవాదములలో స్పృశించినవే. అవతారికను మఱలమఱలఁ జదువఁగా నాకుఁ దోఁచిన దొకటి కలదు. అప్పకవికథ యొక వృత్తాంతము వలెఁ గానవచ్చును గాని నిజమున నది యొక సమాధానము. భీమకవి యేల రావలెను? గోదావరి యేల రావలెను? నన్నయగ్రంథము మధ్యకాలమున నెవరికిని దెలియకుండుట కేమి కారణమని యడుగువాఁడున్నప్పుడే యీ పాత్రలతోఁ బని. సారంగధరుఁ డేల? మునిఁగిన గ్రంథ మెట్లు మఱల దొరకినదని యడుగువాఁడున్నప్పుడే యాతనితోఁ బని. సమాధానమున్నచోటఁ బ్రశ్న యుండియే తీఱును. కాఁబట్టి 17వ శతాబ్దముననే యీ సందేహము పండితులలోఁ బొడమియుండవలెను. నా తరగతిలో లేచి నిలిచిన బాలుఁడు పరంపరను ధిక్కరింపలేదు. పరంపరలో దాఁగియున్న ప్రశ్ననే మఱల వెలికిఁ దీసెను. మనకు సంక్రమించిన సొత్తులో సమాధానములనే దాఁచుకొని ప్రశ్నలను బాఱవైచితిమి.

గ్రంథము నష్టమగుట, పర్వతమునుండి మఱల లభించుట యను కథాసంవిధానము సైతము వ్యాకరణశాస్త్రమునకుఁ గ్రొత్తది కాదు. భర్తృహరి వాక్యపదీయము ద్వితీయకాండము తుదిని మహాభాష్యపరంపర విచ్ఛిన్నమైన సంగతిని, చంద్రాచార్యాదులు పర్వతమునుండి యాగమమును బడసి దానిని మఱల వ్యాపింపఁజేసిన సంగతిని జెప్పెను. ఆ పర్వతము త్రిలింగదేశసంబంధి యని వ్యాఖ్యానము. దీనినిబట్టి యప్పకవి దానిని జూచి యల్లెనని నేను జెప్పను. వైయాకరణుల లోకములో "పోయి కొండనుండి వచ్చిన శాస్త్ర"మను మాట యొక గౌరవముద్ర యనియు, ఆ ముద్ర యొక గ్రంథముపై నున్నంతమాత్రమున నది చరిత్రము గాఁజాలదనియు మాత్రము చెప్పుదును.

పూర్వపక్షమునకుఁ గూడ న్యాయము చేయవలెను. కేతన కవి, కవులు తమ పనియే మొదటిదని చెప్పుకొనుట కలదు. తెలుఁగుభాషలో రచించిన లక్షణము లేదని యాతని యాశయము కావచ్చును; అట్లైన సంస్కృతములోని చింతామణికి బాధ లేదు. మౌనము లేమికి నిరపవాదమైన ప్రమాణము గాదు. ఎన్ని తాళపత్రగ్రంథములు చెదలపాలు గాలేదు? కావున నన్నయ యెట్టి వ్యాకరణమును రచింపలేదని సిద్ధాంతీకరించుటకు నాకు నధికారము లేదు. చింతామణి నన్నయకృతమనుట యసిద్ధమనియే నా నిర్ణయము. పాఁతనమ్మికను విడిచి దాని విపర్యయమును నంతే గట్టిగాఁ బట్టుకొనువాఁడు స్వయముగా నాలోచించినవాఁడు గాఁడు. గురువును మార్చుకొన్నవాఁడు మాత్రమే.

ఈ విచారము నన్నయకు నపచారమని బాధపడువారికి నొకమాట. నన్నయ కీర్తి చింతామణిమీఁద నిలిచినది కాదు. ఆదిసభాపర్వములమీఁదను, ఆరణ్యపర్వభాగముమీఁదను నిలిచినది. చింతామణి ప్రామాణ్యమును గర్త పేరుమీఁద నిలిచినది కాదు. కవిప్రయోగములతో సూత్రములకుఁ గల పొందికమీఁద నిలిచినది. పేరుమీఁద నిలిపిన ప్రామాణ్యము పేరుతోఁ గూలును. ప్రయోగముమీఁద నిలిపినది కూలదు. ఇఁకఁ బెద్దలను బ్రశ్నింపరాదను నియమము మన శాస్త్రమున నెచ్చటఁ గలదు? పాణినిసూత్రములకుఁ గాత్యాయనుఁడు వార్తికములు వ్రాసి లోపములను బూరించెను. పతంజలి పాణినిని భగవంతుఁడని కొనియాడుచునే కొన్ని సూత్రములను బ్రత్యాఖ్యానించెను. మునిత్రయములో నుత్తరోత్తరునికిఁ బ్రామాణ్య మధికమని మనమే వల్లింతుము. మహాభాష్యమున శంక లేని పుట యున్నదా? ఆ శంకలను బాఠము చెప్పి బ్రదుకుచు, శంకించిన బాలునిఁ గూర్చుండఁబెట్టితిని. ఇదియే నా యపచారము.

పాఠశాలలలోని పండితమిత్రులకు నొక విజ్ఞప్తి. కొన్నియేండ్లుగా నేను జింతామణిపాఠము నీ విధముగా నారంభించుచున్నాను. అప్పకవీయావతారిక, కేతన పీఠిక, నందంపూఁడి శాసనపాఠము మూఁడును బల్లపైఁ బెట్టుదును. విద్యార్థులు చదివి, యెవరు, ఎప్పుడు, దేనిఁ జూచి చెప్పిరో వేఱువేఱుగ వ్రాయుదురు. తుదకు నొక చింతామణిసూత్రమును దీసికొని నన్నయ పద్యములలో దాని లక్ష్యములను వెదకుదురు. నా యభిప్రాయమును బాఠము ముగియువఱకుఁ జెప్పను. కొందఱు నాతోఁ గలియుదురు; కొందఱు నన్నయపక్షముననే నిలుతురు. నిలిచినవారిలోఁ గొందఱి హేతువులకు నేను బదులు చెప్పలేకపోయిన దినములును గలవు. ఆ దినముల పాఠమే బాగుగ జరిగినదని నా నమ్మకము.

ఆ బాలుఁడు నేఁడు నడివయసువాఁడై యుండును. అప్పు డాతని కీయవలసిన సమాధానము నీయలేకపోయితిని. ఇది దానికి బదులుగా వ్రాసినది. ఇందలి దోషములను విద్వాంసులు సాక్ష్యపూర్వకముగాఁ జూపినచో సంతోషముతో సవరించుకొందును.