ఫైసలా వచ్చేదాకా పూట ఎలా గడవాలి?

షౌహర్‌తో పొసగక బచ్చాని చంకనేసుకుని గిద్దలూరులోని మైకాకి తిరిగొచ్చిన ఔరత్ నఫఖా కోసం షౌహర్ ఊరికి పోయి తిరగనక్కర్లేదు. తానున్న చోటి కోర్టులోనే అర్జీ వేసుకోవచ్చు. అయితే కేసు తేలేదాకా ఖర్చా ఎవరివ్వాలి? 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్‌లో మధ్యంతర భరణం ఊసే లేదు. రాయకపోయినా మేజిస్ట్రేట్ ఇప్పించొచ్చని 1985లో సావిత్రి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఆ ఏడాదే షాబానో ఫైసలా కూడా. ఇందోర్ మేజిస్ట్రేట్ ఆ పెద్దావిడకి మొదట రాసిచ్చింది నెలకు 25 రూపాయలు! హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆ ఫైసలా మీద దేశమంతా హంగామా అయ్యాక 1986లో కొత్త కానూన్ వచ్చింది. అది తలాఖ్ అయిన ఔరత్‌లకే. తలాఖ్ లేకుండా విడిగా ఉంటున్న బీబీకి 125 ఎప్పటిలాగే ఉంది. అందుకే కొందరు షౌహర్‌లు బీబీ కోర్టుకెక్కాక, 'తలాఖ్ ఎప్పుడో ఇచ్చేశాను' అని జవాబు దాఖలు చేసేవారు. అలా కాగితంలో రాసినంత మాత్రాన తలాఖ్ అయిపోదని 2002లో షమీమ్ ఆరా కేసులో గాని తేలలేదు.

మనకి మరీ దగ్గరి దెబ్బ 1990లో పడింది. ఉస్మాన్ ఖాన్ బహమనీ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్, ఇద్దత్ దాటితే షౌహర్ జిమ్మేదారీ లేదంది. ఆ తర్వాత ఆమె భారం అమ్మీ అబ్బా, భాయీల మీద. వాళ్ళకీ చేతకాకపోతే వక్ఫ్ బోర్డు మీద. చెల్లెలి షాదీ ఖర్జే తీర్చలేని భాయీ ఏం పెడతాడు? గిద్దలూరుకీ అదే హైకోర్టు. పదకొండేళ్ళు అదే నడిచింది.

బచ్చాలకూ రెండేళ్ళ దాకానే అని వాదించారు. అది అమ్మీకి వచ్చే సొమ్ము సంగతి, బచ్చాల హక్ వేరు, బాలిగ్ అయ్యేదాకా ఉంటుందని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

2001 సెప్టెంబర్‌లో రెండూ ఒక్కసారే మారాయి. 500 రూపాయల హద్దు తీసేసి, మధ్యంతర భరణాన్ని చట్టంలోనే రాశారు. నోటీసు అందాక వీలైనంతవరకు 60 రోజుల్లో తేల్చాలన్నారు. 28న డానియల్ లతీఫీ కేసు ఫైసలా వచ్చింది. ఈయన షాబానో వకీలే. ఇద్దత్ లోపలే ఆమె ముందు జిందగీకంతా తగినంత ఇవ్వాలని కోర్టు అనడంతో మన 1990 ఫైసలా పోయింది.

అయినా వాదన చావలేదు. తెలంగాణలో తలాఖ్ తర్వాత ఒకామెకి ఫ్యామిలీ కోర్టు మధ్యంతరంగా నెలకు 20,000 ఇమ్మంది, హైకోర్టు 10,000కి తగ్గించింది. అదీ ఇవ్వనని షౌహర్ సుప్రీంకోర్టు దాకా వెళితే 2024 జూలై 10న అప్పీల్ కొట్టేశారు. ఆ నెల ఒకటి నుంచే పాత 125 కాస్తా కొత్త సంహితలో 144 అయింది. భరణం అర్జీ వేసిన తారీఖు నుంచే లెక్కగట్టాలని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పి ఉంది.