కొత్త పెట్టందే మామిడి కొరకరు

మైదానం వాళ్లకు లంబసింగి డిసెంబరులో గుర్తొస్తుంది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, తెల్లవారేసరికి గడ్డి మీద మంచు, ఫొటోల కోసం తోపులాట. అది ఉన్న చింతపల్లి కొండల్లోని గూడేలకు మాత్రం అసలు సందడి చైత్రంలోనే. బగత, కొండదొర, వాల్మీకి తెగలు ఇటుకల పండుగ చేసుకునే రోజులవి.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఒంటికి ఎంత మంచిదో పత్రికలు ఏటా రాస్తూనే ఉంటాయి. ఏడాదికోసారి నాలుక్కి రాసుకునే పచ్చడితో ఒరిగేదెంతో గానీ, కొండమీద పండుగకూ తిండికీ పడిన ముడి అంతకంటే గట్టిది.

మామిడినే చూడండి. ఊరి దేవతకు కాయ పెట్టి మొక్కేదాకా ఎవరూ కొరకకూడదు. దీన్నే ‘కొత్త’ అంటారు. కందికీ చిక్కుడుకీ కూడా ఇలాగే కొత్తలుంటాయి. పిల్లలకు పచ్చి పిందెలతో వచ్చే కడుపునొప్పి తప్పుతుంది, సరే. కానీ పిందెలప్పుడే చెట్టు దులిపేస్తే టెంక ముదరదు. ఆ టెంకే వానాకాలపు తిండి. లోపలి జీడిని ఎండబెట్టి, దంచి, వగరు పోయేదాకా పారే నీటిలో నానబెట్టి, ఆ పిండితో అంబలి కాస్తారు. గోదావరి లోయలోని కొండరెడ్లకు కూడా ఈ జీడి కరువు రోజుల ఆహారమని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో వెలువడిన తన పుస్తకంలో రాశాడు.

అలాగని ఈ అంబలిని అమృతంగా పొగడడం కూడా తప్పే. 2001లో పొరుగున ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో టెంక అంబలి తాగిన పలువురు గిరిజనులు చనిపోయారు. పాడైన పిండే కారణమని ఒకరంటే, అది తప్ప తినడానికి మరేమీ లేకపోవడమే కారణమని మరొకరన్నారు. రెండో మాటకే బరువెక్కువ.

పండుగలో ఇంకో ముఖ్యమైన పని విత్తనాలది. చోడి, సామ, కొర్ర, వరి... ఇంటింటి నుంచీ తెచ్చిన గింజలను దేవత ముందు పోస్తారు. పూజారి కోడిని బలిచ్చి, పూజ అయ్యాక ఆ గింజలను తలా ఇంత పంచుతాడు. వాటిని ఇంటి గింజల్లో కలిపి తొలకరికి చల్లుతారు. ఆకలి నెలల ముంగిట విత్తనపు గింజ వండుకు తినకుండా కాపాడే కట్టుబాటు ఇంతకంటే ఏముంటుంది?

పండుగ రోజుల్లో మగవాళ్లు వేటకు వెళ్లేవారు. దొరికిన మాంసం ఊరంతా పంచుకునేవారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కుమ్మరించేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట నేరమైంది, అడవీ పలచబడింది. ఇప్పుడు చాలాచోట్ల వేట పేరుకే. ఆడవాళ్ల పాత్ర మాత్రం తగ్గలేదు. దారికి అడ్డంగా కర్ర పెట్టి, ధింసా నృత్యం చేస్తూ, వచ్చే ప్రతి బండినీ ఆపి డబ్బు అడుగుతారు. ఇవ్వకపోతే కర్ర లేవదు. వసూలైనదంతా విందు ఖర్చుకే.